సేవ భారం ఉందని ఒక చెల్లెలు చెప్తే సంఘ పెద్దలు మొదట ఏం చేయాలి?

నాలుగో బెంచీ
అందరికీ వందనాలు. ఒక చెల్లెలు వచ్చి "దేవుడు నన్ను సేవకు పిలుస్తున్నాడనిపిస్తోంది" అంటే పెద్దల దగ్గర మామూలుగా రెండే జవాబులుంటాయి. ఒకటి "స్తోత్రం, ప్రార్థనలో పెడదాం". రెండోది "సండే స్కూల్లో ఒక క్లాసు తీసుకోమ్మా". రెండూ తప్పు కాదు. కానీ ఏడాది తర్వాత చూస్తే ఆమె ఉన్నచోటే ఉంటుంది. ప్రోత్సహించడం అంటే చేతల్లో ఏమిటి? మొదటి వారం ఏం చేయాలి, మొదటి మూడు నెలలు ఏం చేయాలి, ఎక్కడ చెడుతుంది, తెలిసినవాళ్లు చెప్పండి. స్త్రీలు ప్రసంగించవచ్చా లేదా అన్న వాదన ఇక్కడ తెగదు. అలాగని ఆ వచనాల ఊసెత్తకుండా నడవదు కూడా.

ఒలీవ నీడ
మొదటి వారం చేయాల్సింది వినడం ఒక్కటే. గంట సమయం, పక్కన ఒక పెద్దావిడ, చేతిలో కాగితం. అడగాల్సినవి ఇవి: ఈ తలంపు ఎప్పటినుంచి ఉంది? ఏ పని చేస్తున్నప్పుడు గట్టిగా అనిపిస్తుంది? ఎవరూ చూడని చోట ఇప్పటికే ఏం చేస్తున్నావు? మూడోది ముఖ్యం. పిలుపు ఉన్నవాళ్లు చాలామంది అనుమతి కోసం ఆగకుండా ఎవరింటికో వెళ్లి ప్రార్థిస్తూనో, ఎవరికో వాక్యం చదివి వినిపిస్తూనో ఉంటారు. "స్టేజి ఇస్తే చేస్తా" అనే మాట తప్ప ఇంకేమీ లేకపోతే తొందరపడక్కర్లేదు, తోసేయనూ అక్కర్లేదు.

1 సమూయేలు 3 చూడండి. పిలుపు మూడుసార్లు వచ్చినా సమూయేలు గుర్తుపట్టలేదు, ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. మూడోసారికి ఏలీ గ్రహించాడు. ఏలీ అప్పటికి చూపు మందగించినవాడు, ఇంటిని చక్కబెట్టుకోలేకపోయినవాడు. అయినా "నీవు పోయి పండుకొనుము, ఎవరైన నిన్ను పిలిచినయెడల ఇలా చెప్పు" అని నేర్పింది ఆయనే. పెద్దల పని అంతవరకే: పిలుపు ఇవ్వడం కాదు, గుర్తుపట్టడానికి సాయపడటం.

ఆ వినికిడి తర్వాత 90 రోజులకు ఒక పని అప్పగించండి. ఒక్కటే. దానికి తేదీ ఉండాలి, బాధ్యత ఆమె పేరు మీద ఉండాలి, చూసి చెప్పే మనిషి ఉండాలి. నా ఉద్దేశంలో ప్రోత్సాహం అంటే ఇదే. పొగడ్త కాదు.

పాత బైబిలు
నేను కాస్త అడ్డం మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. 1 తిమోతి 2:12లో "ఉపదేశించుటకైనను, పురుషునిమీద అధికారము చేయుటకైనను ఆమెకు సెలవియ్యను" అని ఉంది. 1 కొరింథీయులకు 14:34 సంఘములలో మౌనముగా ఉండవలెనంటోంది. ఇవి దాటి ముందుకు పోతే ఆమెను ప్రోత్సహించినట్టా, సంఘంతో తగువులోకి నెట్టినట్టా?

కెంక్రేయ ఓడ
అన్నా, ఆ ప్రశ్న అడగాల్సిందే. ఆమెకు ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా అదే, కాబట్టి జవాబు ఆమె దగ్గర ముందే ఉండాలి.

12వ వచనానికి ముందు 11 ఉంది: "సంపూర్ణ విధేయతతో నేర్చుకొనవలెను". గ్రీకులో ఆ రెండు వచనాల్లో ఆజ్ఞారూపంలో ఉన్న క్రియ "నేర్చుకొనవలెను" ఒక్కటే. మనం "మౌనము" అని చదివే మాట హెసుఖియా. దాని తోబుట్టువు మాటే అదే అధ్యాయం 2వ వచనంలో విశ్వాసులందరి బ్రదుకు గురించి వస్తుంది, అక్కడ దాన్ని నోరు మూసుకోవడం అని ఎవరూ చదవరు. "అధికారము చేయుట" అని తర్జుమా అయిన అవుథెంతెయిన్ కొత్త నిబంధన మొత్తంలో ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాదు. మామూలుగా అధికారానికి పౌలు వాడే మాట ఎక్సూసియా. ఇక్కడ దాన్ని ఎందుకు వాడలేదన్నదే పండితుల మధ్య అసలు చర్చ.

ఇక కొరింథు. 14లో "మౌనముగా ఉండవలెను" అన్న క్రియ మూడుసార్లు వస్తుంది: అర్థము చెప్పువాడు లేనప్పుడు భాషలు మాట్లాడేవాడికి (28), మరొకరికి బయలుపరచబడినప్పుడు మాట్లాడుతున్న ప్రవక్తకు (30), స్త్రీలకు (34). మొదటి ఇద్దరికి అది జీవితాంతం మౌనం కాదని అందరం ఒప్పుకుంటాం. పైగా అదే పత్రిక 11:5లో స్త్రీ ప్రార్థన చేయడం, ప్రవచించడం జరుగుతున్న పనిగానే పౌలు రాశాడు, తల ముసుకు గురించే మాట్లాడాడు.

దీంతో అందరూ ఒక అభిప్రాయానికి వస్తారని కాదు. నిజాయితీగా చదివి "కాపరి పదవి పురుషులదే" అనే సంఘాలున్నాయి, "ఆ మాట తిమోతి ఉన్న ఎఫెసులోని ఆనాటి పరిస్థితికి" అనే సంఘాలూ ఉన్నాయి.

పాత బైబిలు
14:28, 30 సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా 1 తిమోతి 2:13లో పౌలు ఆదాము మొదట నిర్మింపబడెను అని సృష్టి దాకా వెళ్లాడు కదా, ఎఫెసు పరిస్థితి అని ఒక్కమాటలో తేల్చలేం. అది అలా ఉంచుదాం. రోమా పత్రికలో పౌలు పేరెత్తిన ఫీబే విషయం ఏమంటారు? ఆమె సేవకురాలే గానీ నాయకురాలు కాదు అంటారు మా పెద్దలు.

కెంక్రేయ ఓడ
రోమా 16:1లో తెలుగు బైబిలే "సంఘపరిచారకురాలగు ఫీబే" అంటోంది. గ్రీకు మాట దియాకొనొస్. 1 కొరింథీయులకు 3:5లో పౌలు తననూ తోటి బోధకుడు అపొల్లోనూ "పరిచారకులే గదా" అన్నప్పుడు వాడింది అదే మాట. 16:2లో "సహాయురాలు" అన్నచోట ఉన్నది ప్రొస్తాతిస్. అండగా నిలబడి ఖర్చు భరించే పోషకురాలికి వాడే మాట అది, చేతిసాయం చేసే మనిషికి కాదు. 16:7లో పౌలు వందనాలు చెప్పినవారిలో యూనీయ ఉంది. 4వ శతాబ్దపు సంఘ బోధకుడు యోహాను క్రిసోస్తొము ఆమెను స్త్రీగానే చదివి, అపొస్తలులలో లెక్కించదగినదని మెచ్చుకున్నాడు.

నాకు బాగా నచ్చే చోటు మాత్రం 2 రాజులు 22. ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు యోషీయా రాజు పంపిన ప్రధానయాజకుడు హిల్కీయా వెళ్లింది ప్రవక్త్రి అయిన హుల్దా దగ్గరికి. అది యోషీయా ఏలుబడిలో 18వ ఏడు. యిర్మీయా ప్రవచించడం మొదలుపెట్టింది 13వ ఏట (యిర్మీయా 1:2). అంటే మగ ప్రవక్త దొరక్క ఆమె దగ్గరికి వెళ్లలేదు.

ఒలీవ నీడ
ఈ వచనాలు ఆమె వాదనకు వాడే ఆయుధాలుగా మారకుండా చూడండి. ప్రతి ప్రసంగమూ "స్త్రీలు మాట్లాడవచ్చు" అన్న నిరూపణతో మొదలైతే వినేవాళ్లకు వాక్యం అందదు. ఒకసారి కూర్చుని చదివి, తన నమ్మకం ఒక పేజీలో రాసుకుని, మడిచి బైబిల్లో పెట్టుకోవాలి. అడిగితే తీయాలి. అడగకపోతే యోహాను సువార్తో, కీర్తనో, ఆరోజు భాగం చెప్పాలి.

నాలుగో బెంచీ
బాగుంది. ఇప్పుడు 90 రోజుల పని అన్నారు కదా అక్కా, అది ఏ పని?

ఒలీవ నీడ
పుల్పిట్ (ప్రసంగ వేదిక) వైపు భారం ఉన్న మనిషి అయితే మెట్లు ఇవి. మొదటి నెల ఆరాధనలో వాక్య పఠనం. భాగం వారం ముందే ఇవ్వాలి, ఆదివారం పొద్దున కాదు. బిగ్గరగా కనీసం ఐదుసార్లు చదవాలి, పేర్లు నాలుక మీదికి రావాలి, ఎక్కడ ఆగాలో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. రెండో నెల ప్రార్థన కూటంలో 5 నిమిషాల ధ్యానం, రెండుసార్లు. మూడో నెల 10 నిమిషాలు. 20 నిమిషాల ప్రసంగం ఆ తర్వాతే.

20 నిమిషాల్ని ఇలా విడగొడితే కుదురుతుంది: ప్రారంభం 2, వాక్య వివరణ 12, అన్వయం 5, ప్రార్థన 1. ఎక్కువగా చెడేది ప్రారంభం దగ్గరే. అది 7 నిమిషాలు తినేస్తుంది, చివర్లో అన్వయం పరుగెత్తుతుంది. రెండో తప్పు, సిద్ధపడేటప్పుడు మొదట కథలు వెతకడం. భాగాన్ని పదిసార్లు చదివి, ముందు వెనక అధ్యాయాలు చూసి, "ఈ భాగం చెప్పేది ఇది" అని ఒక్క వాక్యం రాయగలిగేదాకా ఇంకేమీ వెతక్కూడదు. ఆ వాక్యం కుదరకపోతే ప్రసంగం నాలుగు దిక్కులా పోతుంది.

మూడోది స్త్రీలలో మరీ ఎక్కువ: "నేను అర్హురాలిని కాను, పెద్దలు మన్నించాలి, తప్పులుంటే క్షమించండి" అని నిమిషంన్నర. వినయం అనుకుంటారు. వినేవాడికి మాత్రం "ఈమె మాట పట్టించుకోనక్కర్లేదు" అని చెప్పినట్టవుతుంది. వచనం చదివి మొదలుపెట్టమనండి.

అయ్యాక ఇద్దరు మనుషులు, అదే వారంలో, మూడు ప్రశ్నలకు జవాబు రాసివ్వాలి. ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతి ఒక్క వాక్యంలో ఏమిటి? ఎక్కడ దారి తప్పాం? ఏ మాట వచనంలో లేకుండా వచ్చింది? "చాలా బాగా చెప్పావమ్మా" అనేది జవాబు కాదు, మర్యాద. మగపిల్లాడు మొదటిసారి చెప్తే అరగంట కూర్చోబెట్టి సరిచేస్తారు, ఆడపిల్ల చెప్తే చప్పట్లు కొట్టి పంపిస్తారు. ఆ చప్పట్ల వల్లే చాలామంది ఎదగరు.

మైకు మాస్టరు
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. సౌండ్ సిస్టమ్ మామూలుగా అయ్యగారి గొంతుకు సెట్ చేసి ఉంటుంది. బరువైన గొంతు స్పష్టంగా వినపడాలని ట్రెబుల్ పెంచి వదిలేస్తారు. అదే సెట్టింగులో స్త్రీ మాట్లాడితే స, ష అక్షరాల దగ్గర ఈల వస్తుంది, గొంతు కీచుగా వినిపిస్తుంది. జనం "ఆడవాళ్ల గొంతు పుల్పిట్‌కు సరిపడదు" అంటారు. సరిపడనిది ట్రెబుల్ నాబ్.

ముందు రోజు 10 నిమిషాలు సౌండ్ చెక్ చేయించండి. ట్రెబుల్ తగ్గించి, మైకు నోటికి పిడికిలంత దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు వాల్చి పెట్టండి. కాలర్ మైకు ఇచ్చేటప్పుడు ఆలోచించండి: దాని డబ్బా పెట్టుకోవడానికి బెల్టో జేబో కావాలి, స్త్రీల దుస్తుల్లో చాలాసార్లు రెండూ ఉండవు. బట్ట రాసుకుని గరగర కూడా వస్తుంది. స్టాండు మైకు మేలు. పుల్పిట్ ఎత్తు గడ్డం దాకా వస్తుంటే కింద 15 సెంటీమీటర్ల పీట వేయండి. కంగారులో గొంతు పైకి పోతుంది కాబట్టి మొదటి రెండు వాక్యాలు కావాలనే నెమ్మదిగా, కింది స్థాయిలో చెప్పమనండి.

పాత బైబిలు
ఇది మాత్రం నేనూ ఒప్పుకుంటాను మాస్టారూ :)
ఇంకో సంగతి. పిలుపు అంటే పుల్పిట్ ఒక్కటే అన్నట్టు సాగుతోంది. పరామర్శ, ఆసుపత్రి సేవ, బోధన, తర్జుమా, పాటలు, లెక్కలు ఇవన్నీ ఏమయ్యాయి?

ఒలీవ నీడ
సరిగ్గా అడిగారు. లూకా 8:3లో యోహన్న, సూసన్న మొదలైనవారు తమకు కలిగిన ఆస్తితో ఉపచారం చేశారు. ఆ పని లేకపోతే యేసు, శిష్యుల ప్రయాణం సాగదు. అపొల్లో విషయంలో ప్రిస్కిల్ల అకుల అతన్ని చేర్చుకొని దేవుని మార్గం మరి పూర్తిగా విశదపరిచారు (అపొ. కార్యములు 18:26), అది సభలో కాదు. పిలుపు ఏ ఆకారంలోనైనా ఉండొచ్చు. చూడాల్సింది ఒక్కటే: ఆమెను పరామర్శకు పంపుతున్నది ఆమెలో ఆ వరం ఉన్నందుకా, పుల్పిట్‌కు దూరంగా ఉంచడానికా?

లెక్కల తమ్ముడు
డబ్బు సంగతి నేనెత్తుతాను, లేకపోతే ఎవరూ ఎత్తరు. "సేవ కదా" అన్న మాట కింద వారానికి 25 గంటలు ఉచితంగా చేయించుకోవడం చాలా సులువు. అప్పగించిన పని నెలలు దాటి సాగేదైతే ఒక కాగితం ఉండాలి. అందులో: పని పేరు, వారానికి ఎన్ని గంటలు, ఎవరికి జవాబు చెప్పాలి, ప్రయాణ ఖర్చు ఎవరు ఇస్తారు, గౌరవ వేతనం ఉందా లేదా (లేకపోతే "లేదు" అని రాయాలి), వారంలో సెలవు రోజు ఏది, మళ్లీ ఎప్పుడు కూర్చుని చూస్తారు. మొదటిది మూడు నెలలకు, తర్వాతది ఆరు నెలలకు. ఒక పేజీ చాలు.

భర్త కాపరి అయిన చోట ఇంకా మెలిక. ఇద్దరి పని, ఒక జీతం. ఆవిడకు నిజంగా పిలుపు ఉంటే ఆవిడ పనికి ఆవిడ పేరుతో కాగితం ఉండాలి. పిలుపు లేకపోతే "పాస్టరమ్మ కదా" అని స్త్రీల కూటం ఆవిడ నెత్తిన పెట్టకూడదు. ఆ రెండో సగం ఎవరూ వినిపించుకోరు.

చిన్న దీపం
కొత్తగా చేరాను, వందనాలు. రెండు ప్రశ్నలు. పెళ్లికాని అమ్మాయికి "పెళ్లయ్యాక, మీ ఆయన ఒప్పుకుంటే చూద్దాం" అంటారు, దానికి ఏమనాలి? రెండు, కాపరి పురుషుడు కాబట్టి ఆయన దగ్గర నేర్చుకోవడం ఇబ్బంది అంటారు. మరి ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

కెంక్రేయ ఓడ
మొదటిదానికి: కైసరయలో ఫిలిప్పుకు "కన్యకలుగా ఉన్న నలుగురు కుమార్తెలు" ఉన్నారు, వారు ప్రవచించువారు (అపొ. కార్యములు 21:9). పెళ్లయ్యేదాకా ఆగమని ఎవరూ అన్నట్టు లేదు. రెండో కొసన అన్న అనే ఆవిడ ఉంది, 84 ఏళ్ల విధవరాలు, ప్రవక్త్రి (లూకా 2:36, 37). పెళ్లి నాటికి పిలుపు మాట ముందే చెప్పి ఉండటం మాత్రం తప్పనిసరి. తర్వాత తెలిస్తే రెండువైపులా కష్టం.

ఒలీవ నీడ
చెల్లీ, రెండోది నిజమైన ఇబ్బందే. కానీ "మాట పడకుండా ఉందాం" అని అసలు నేర్పడమే మానేస్తే నష్టపోయేది ఆమె ఒక్కతే. దారులున్నాయి: ఒక్కరికి కాకుండా ఇద్దరు ముగ్గురికి కలిపి నేర్పడం, అద్దం ఉన్న గదిలోనో హాలులో ఒక మూలనో పగటిపూట కూర్చోవడం, ఆ సమయం సంఘ క్యాలెండర్లో రాసి ఉంచడం, రాత్రి పొద్దుపోయాక మెసేజీలు లేకపోవడం, మూడో మనిషికి ఎప్పుడూ తెలిసి ఉండటం. ఈ నియమాలు నేర్చుకునే మగవాళ్లకూ ఒకేలా ఉండాలి. అమ్మాయికి మాత్రమే పెడితే అనుమానం ఆమె మీదే పడుతుంది. నేర్పేవాడు హద్దు దాటితే ఎవరికి చెప్పాలో ఆమెకు మొదటి రోజే తెలియాలి, ఆ మనిషి నేర్పేవాడి బంధువు కాకూడదు.

పాత బైబిలు
చదువు సంగతి? బైబిల్ కాలేజీకి వెంటనే పంపేయాలా?

కెంక్రేయ ఓడ
వెంటనే వద్దు. ముందు బైబిలు మొత్తం ఒకసారి. 1189 అధ్యాయాలు, రోజుకు 3, ఆదివారం 5 చదివితే ఏడాదిలో అయిపోతుంది. ఇంటి పని మధ్య చదివేవాళ్లు వారానికి ఒక రోజంతా కేటాయించుకుందాం అనుకుంటారు, ఆ రోజు ఏదో ఒకటి అడ్డొస్తుంది. వారంలో ఐదు రోజులు 40 నిమిషాలు నిలబడుతుంది. ఆ 40 నిమిషాలు ఇంట్లో ఎవరు ఏ పని చూసుకుంటారో పేరుపెట్టి మాట్లాడుకోవాలి.

కాలేజీ ఎంచుకునే ముందు తన సంఘ పెద్దలనే అడగాలి: ఈ డిగ్రీని మీరు గుర్తిస్తారా, అభిషేకానికి (సేవకులుగా అధికారిక నియామకానికి) లెక్కలోకి వస్తుందా, స్త్రీలకు ఏ హోదా దాకా అనుమతి ఉంది? జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. మూడేళ్లు చదివి వచ్చాక "మన దగ్గర ఆడవాళ్లకు ఆ పద్ధతి లేదమ్మా" అనిపించుకోవడం కంటే బాధ లేదు. కాలేజీని అడగాల్సింది: ప్రసంగ శాస్త్రం తరగతిలో స్త్రీలూ ప్రసంగించి మార్కులు తెచ్చుకుంటారా, లేక వాళ్లను పిల్లల బోధన వైపు మళ్లిస్తారా?

నాలుగో బెంచీ
సంఘాల మధ్య తేడా అంత ఉందా?

కెంక్రేయ ఓడ
చాలా. కొంగ్రిగేషనల్ సంఘంలో ఆంటోనెట్ బ్రౌన్‌కు 1853లోనే అభిషేకం జరిగింది. ఆంగ్లికన్లలో ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్ 1944లో యుద్ధ సమయంలో గురువుగా అభిషేకం పొందింది. రేగిన వివాదం వల్ల 1946లో ఆ పని చేసే లైసెన్సు పక్కన పెట్టింది, అభిషేకాన్ని మాత్రం వదులుకోలేదు. ఇంగ్లండ్ సంఘంలో తొలి స్త్రీ గురువులు 1994లో, తొలి స్త్రీ బిషప్ 2015లో. కతోలిక సంఘంలో గురుపట్టం పురుషులకే అని 1994లో పోపు రెండవ జాన్ పాల్ తేల్చిచెప్పాడు, కానీ 2021లో పఠన సేవ (ఆరాధనలో వాక్యం చదవడం), పీఠ సేవ (బలిపీఠం దగ్గర సాయపడటం) అధికారికంగా స్త్రీలకూ తెరుచుకున్నాయి. అమెరికాలోని సదరన్ బాప్టిస్టుల 2000 నాటి విశ్వాస ప్రకటన కాపరి పదవి పురుషులకే అంటుంది. కాబట్టి "క్రైస్తవ్యంలో ఇంతే" అని ఎవరైనా అంటే, ఏ సంఘంలో, ఏ హోదా అని అడగాలి. గోడ ఎక్కడుందో తెలిస్తే దాని ఇవతల ఎంత చోటుందో కూడా తెలుస్తుంది. చాలా సంఘాల్లో ఆ చోటును సగం కూడా వాడుకోలేదు.

చిన్న దీపం
పరామర్శకు వెళ్లినప్పుడు ఇంట్లో కొడుతున్నారని ఎవరైనా చెప్తే?

ఒలీవ నీడ
స్త్రీ సేవకురాలి దగ్గర ఈ మాట తప్పకుండా బయటపడుతుంది, అందుకని పంపే ముందే నేర్పాలి. "ప్రార్థించుకో, సర్దుకుపో" అనకూడదు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి రాజీ చేయకూడదు, ఆమె అక్కడ చెప్పినదానికి ఇంటికెళ్లాక దెబ్బలు తింటుంది. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. పసిపిల్లలకు ప్రమాదం ఉంటే చెప్పాల్సి వస్తుంది. అడగాల్సింది: ఈ రాత్రి నువ్వు క్షేమంగా ఉంటావా? ఎవరి దగ్గరికి వెళ్లగలవు? తర్వాత చట్టం, వైద్యం తెలిసినవాళ్లకు అప్పగించాలి. కౌన్సెలింగ్ చదవని మనిషి మూడుసార్లకు మించి కూర్చుని ఒక్కతే మోయకూడదు.

పాత బైబిలు
ఇంకో హెచ్చరిక. బాగా పాడిందనో, బాగా ఏడ్చి ప్రార్థించిందనో రెండు వారాల్లో "దైవజనురాలు" అని పోస్టర్లో ఫోటో వేసేస్తారు. 1 తిమోతి 5:22, "త్వరపడి యెవనిమీదనైనను హస్తనిక్షేపణము చేయకుము" (అంటే చేతులుంచి పదవికి నియమించకు). 3:10, "మొదట పరీక్షింపబడవలెను". తొక్కిపెట్టడం ఎంత తప్పో ఎత్తేయడం అంతే తప్పు.

కెంక్రేయ ఓడ
అన్నా, మీరు చెప్పిన 3:10 పక్కనే 3:11 ఉంది: "అటువలె పరిచర్యచేయు స్త్రీలును". పరీక్షింపబడవలెను అంటే పరీక్ష పెట్టేవాళ్లు ఉండాలి కదా. పరీక్ష పెట్టకుండా "ఇంకా సమయం రాలేదు" అని పదేళ్లు నడిపేవాళ్లకూ ఆ వచనమే చూపించండి.

పాత బైబిలు
చూపిస్తాను. కాపరి పదవి సంగతిలో నా అభిప్రాయం మారలేదని మాత్రం రాసి పెట్టుకోండి. 90 రోజుల పని, మూడు ప్రశ్నల కాగితం మాత్రం మా కమిటీ ముందు పెడతాను.

నాలుగో బెంచీ
ఒక చిన్న సందేహం అక్కా. ఆ ఇద్దరు రాసిచ్చే కాగితం ఆమెకు నేరుగా ఇవ్వాలా, కాపరి ద్వారానా?

ఒలీవ నీడ
నేరుగా ఆమెకే, నకలు కాపరికి. ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి, ఒకరు ఆమెకంటే వాక్యం బాగా ఎరిగినవారై ఉండాలి. ఆదివారం సాయంత్రం ఇవ్వకండి, అలసిపోయి ఉంటుంది. మంగళవారమో బుధవారమో ఇచ్చి, తర్వాతి అవకాశం తేదీ ఆ కాగితం అడుగునే రాయండి.